ప్రోస్టేట్ క్యాన్సర్: కీమో అయిపోయాక మా వారిని ఎలా చూసుకోవాలి?

ప్రశ్న: మా వారికి 67 ఏళ్ళు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. ఆరు కీమోలు అయిపోయి ఐదు వారాలైంది. రక్తపరీక్షలో పీఎస్ఏ (ప్రోస్టేట్ జబ్బు ఎంత ఉందో చూపే అంకె) 142 నుంచి 3.1కి దిగింది. చుట్టాలంతా గండం గడిచిందంటున్నారు. ఆయన మాత్రం మంచం దిగరు, ఎవరితోనూ మాట్లాడరు, చిన్న విషయానికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. రాత్రి నడుం నొప్పి అంటారు, పొద్దున అడిగితే ఏమీ లేదంటారు. జబ్బు పూర్తిగా నయం కాదని డాక్టరుగారు నాకు చెప్పారు. అది నాన్నకు తెలియనివ్వొద్దని అమెరికాలో ఉన్న పిల్లలు అంటున్నారు. నేనేం చేయాలి? శ్రావణంలో వరంగల్‌లో మా అక్క కూతురి పెళ్ళి ఉంది, తీసుకెళ్ళొచ్చా? (కుషాయిగూడ నుంచి ఒక సోదరి)

జవాబు:

చెల్లెమ్మా, అన్నిటికంటే ముందు ఆ నడుం నొప్పి సంగతి తేల్చుకుందాం. పెళ్ళి, పిల్లల మాటలు తర్వాత. ఎముకలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న మనిషి రాత్రిపూట నడుం నొప్పి అన్నారంటే, పీఎస్ఏ ఎంత దిగినా సరే, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. రేపే మీ క్యాన్సర్ డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి. చెప్పేముందు ఆయన పక్కన కూర్చుని అడగండి: పడుకుంటే ఎక్కువవుతోందా? దగ్గినా తుమ్మినా వెన్నులో పొడిచినట్టుంటోందా? నడుం చుట్టూ బెల్టు బిగించినట్టుంటోందా? కాళ్ళలో బలం తగ్గినా, తొడల లోపలి వైపు గానీ కూర్చునే చోట గానీ మొద్దుబారినా, మూత్రం రాకుండా ఆగిపోయినా, తెలియకుండా విరేచనం అయినా ఫోన్ల కోసం కూడా ఆగొద్దు. అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. వెన్నుపూసలో పెరిగిన గడ్డ వెన్నుపామును నొక్కుతోందేమో ఎమ్మారై తీసి చూస్తారు. నొక్కుతుంటే వెంటనే స్టెరాయిడ్ మొదలుపెట్టి రేడియేషన్ ఇస్తారు, కొందరికి ఆపరేషన్ చేస్తారు. నడవగలిగే స్థితిలో వెళ్ళినవాళ్ళలో చాలామందికి నడక నిలబడుతుంది. కాళ్ళు పూర్తిగా పడిపోయాక వెళ్తే తిరిగి రావడం చాలా కష్టం. ఇక్కడ లెక్క గంటల్లోనే ఉంటుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో కూడా వినండి. నేను ముప్పై ఏళ్ళు నర్సుగా పనిచేశాను, అందులో ఎక్కువ భాగం క్యాన్సర్ వార్డులోనే. డాక్టర్ని కాను, మందులు మార్చమని చెప్పను. రిటైరైన రెండేళ్ళకు మా వారికి మీ వారి జబ్బే వచ్చింది. నాలుగున్నరేళ్ళు ఇంట్లో చూసుకున్నాను. కీమో అయ్యాక ఒకరోజు సాయంత్రం ఆయన వరండాలోంచి లోపలికి వస్తుంటే కుడికాలి చెప్పు గడప బయటే ఉండిపోయింది. చెప్పు జారిపోయిందని ఆయనకు తెలియనే లేదు, ఒంటి చెప్పుతో హాల్లోకి వచ్చేశారు. కీమో వల్ల పాదాలు మొద్దుబారాయి కదా, అదే అయ్యుంటుందనుకున్నాను. చెప్పు తీసి స్టాండులో పెట్టి నా పని నేను చూసుకున్నాను. మర్నాడు పొద్దున్నే కమోడ్ మీంచి లేవలేకపోయారు. అప్పుడు చెప్పారు, పదకొండు రోజులుగా నడుం నొప్పి ఉందని. నన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని దాచారట. ఆ రాత్రే స్టెరాయిడ్ ఇచ్చారు, మర్నాటి నుంచి రేడియేషన్. వాకర్ పట్టుకుని మళ్ళీ నడిచారు గానీ, మూత్రానికి వేసిన గొట్టం తీయడానికి రెండు నెలలు పట్టింది. వార్డులో ఎన్నో కుటుంబాలకు ఈ లక్షణాలన్నీ వివరించి చెప్పినదాన్ని నేను. నా ఇంట్లో ఆ చెప్పు చూసి కూడా గుర్తుపట్టలేదు.

ఒక తేడా గుర్తుపెట్టుకోండి. కీమో తిమ్మిరి సాధారణంగా రెండు పాదాలకూ, రెండు చేతుల వేళ్ళకూ సమానంగా, నెమ్మదిగా వస్తుంది. అది స్పర్శను తగ్గిస్తుంది. ఒక్క కాలు బరువెక్కినా, మెట్టు ఎక్కడానికి తొడ లేవకపోయినా, రోజురోజుకీ ఎక్కువవుతున్నా దాన్ని కీమో ఖాతాలో వేయొద్దు.

ఇక రాత్రి నొప్పి అని, పొద్దున లేదనే అలవాటు. మన మగవాళ్ళలో ఇది చాలా మామూలు. "నొప్పి ఉందా?" అంటే "లేదు" అనేస్తారు. ప్రశ్న మార్చండి. "సున్నా నుంచి పది దాకా అయితే ఇప్పుడెంత?", "రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది?", "చొక్కా వేసుకునేటప్పుడు ఎక్కడ పట్టేసింది?" అనండి. చిన్న నోట్‌బుక్ ఒకటి ఆయన చేతికే ఇచ్చి రాయమనండి. తేదీ, నొప్పి ఎంత, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, విరేచనం అయిందా, ఎంతసేపు నడిచారు. అంతే, రోజుకు రెండు లైన్లు. డాక్టరు దగ్గర పది నిమిషాలు దొరికినప్పుడు మీ జ్ఞాపకం కంటే ఆ పుస్తకమే బాగా మాట్లాడుతుంది.

మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు కొని వేయకండి. ఈ వయసులో, కీమో అయిన ఒంటికి, పైగా ఎముకలు బలపడే ఇంజెక్షన్ కూడా తీసుకుంటుంటే కిడ్నీలు దెబ్బతింటాయి. ఎముకలో ఒక్కచోటే నొప్పి ఉంటే ఒకే ఒక్క సిట్టింగ్ రేడియేషన్‌తో చాలామందికి బాగా తగ్గుతుంది. మొదటి రెండు మూడు రోజులు నొప్పి కాస్త పెరగొచ్చు, తగ్గడానికి వారం నుంచి కొన్ని వారాలు పడుతుంది. ఈ సంగతి ముందే తెలియకపోతే రేడియేషన్ పనిచేయలేదని హడలిపోతారు.

మార్ఫిన్ రాస్తే భయపడకండి. "మార్ఫిన్ దాకా వచ్చిందంటే ఇంక అయిపోయినట్టేనా సిస్టర్?" అని వార్డులో నన్ను అడగని కుటుంబం లేదు. కాదమ్మా. మార్ఫిన్ నొప్పిని బట్టి ఇచ్చే మందు, మిగిలిన రోజులను బట్టి ఇచ్చేది కాదు. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే వ్యసనం అవుతుందన్న భయం అక్కర్లేదు. చాలా చవక కూడా. ఇదివరకు లైసెన్సుల గొడవ వల్ల దొరికేది కాదు. 2014లో చట్టం సవరించాక గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో సులువైంది. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి తగ్గించడానికే ప్రత్యేక విభాగం ఉంది. అయితే మార్ఫిన్ మొదలైన రోజే విరేచనానికి మందు కూడా మొదలవ్వాలి. నాలుగు రోజులు కడుపు బిగిసిపోయాక అరటిపండ్లు పెడితే లాభం ఉండదు. డాక్టరు రాయడం మర్చిపోతే మీరే అడగండి.

ఇప్పుడు "గండం గడిచింది" అనే మాట గురించి. పీఎస్ఏ 142 నుంచి 3.1కి రావడం మంచి విషయమే, సంతోషించండి. కానీ కీమో అయిపోయిందంటే వైద్యం అయిపోయినట్టు కాదు. ఈ జబ్బుకు అసలు పునాది హార్మోన్ వైద్యం. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలకు మగ హార్మోను టెస్టోస్టిరానే మేత. దాన్ని ఆపితే జబ్బు ముడుచుకుంటుందని 1941లోనే చార్లెస్ హగ్గిన్స్ అనే డాక్టరు చూపించారు. అందుకే 1966లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. మీ వారికి నెలకో, మూడు నెలలకో ఒక ఇంజెక్షన్ ఇస్తూ ఉంటారు, లేదా వృషణాలు తీసే చిన్న ఆపరేషన్ చేసి ఉంటారు. ఇంజెక్షన్ అయితే కీమో అయిపోయినా అది సాగుతూనే ఉండాలి. ఎన్నో ఇళ్ళలో "కీమో అయిపోయింది కదా" అని ఆ తేదీ దాటేస్తారు. క్యాలెండర్లో ఎర్ర సిరాతో రాసి పెట్టుకోండి.

ఆ హార్మోనును ఆపే అబిరటెరోన్ మాత్రలు కూడా ఇచ్చి ఉంటే ఖాళీ కడుపుతోనే వేయాలి. తిన్నాక రెండు గంటలు ఆగి మాత్ర, మాత్ర వేశాక ఇంకో గంట ఏమీ తినకూడదు. తిండితో వేస్తే మందు ఒంట్లోకి ఎక్కువ మోతాదులో ఎక్కేస్తుంది. మా ఇంట్లో పొద్దున ఐదున్నరకు మాత్ర, ఏడింటికి ఇడ్లీ. దాంతోపాటు ప్రెడ్నిసోలోన్ అనే చిన్న స్టెరాయిడ్ మాత్ర ఉంటుంది. అది చిన్నదే కదా అని సొంతంగా ఆపేస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరిగి పడిపోవచ్చు. ఆ మందులు వాడినన్నాళ్ళూ బీపీ, షుగరు, పొటాషియం, లివర్ పరీక్షలు చేయిస్తూ ఉండాలి. ఎముకలు బలపడే ఇంజెక్షన్ మొదలుపెట్టేముందు పళ్ళ డాక్టరుకు చూపించండి. తర్వాత పన్ను పీకించాల్సి వస్తే దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం ఉంది. కాల్షియం, విటమిన్ డి ఎంత వేయాలో ఆ డాక్టర్నే అడిగి వేయండి.

జబ్బు ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ తల ఎత్తుతుంది, అందుకే మీ డాక్టరు నయం కాదన్నారు. కానీ తర్వాత వాడే మందులు ఇప్పుడు చాలా ఉన్నాయి. వేరే రకం మాత్రలు, కబాజిటాక్సెల్ అనే ఇంకో కీమో, లుటీషియం అనే రేడియేషన్ మందును రక్తంలోకి ఎక్కించే వైద్యం, జన్యువుల్లో తేడా కనిపిస్తే దానికి తగ్గ మాత్రలు. అన్నీ అందరికీ పనికిరావు, కొన్ని బాగా ఖరీదు. జన్యు పరీక్ష గురించి మాత్రం ఈసారి తప్పక అడగండి. అందులో లోపం తేలితే మీ వారి వైద్యంతో పాటు మీ పిల్లలకూ సంబంధం ఉంటుంది, కొడుకులకే కాదు కూతుళ్ళకూ. తండ్రికి ఈ జబ్బు ఉంది కాబట్టి మీ అబ్బాయి నలభై ఐదు దాటాక, జన్యు లోపం తేలితే ఇంకా ముందే, పీఎస్ఏ పరీక్ష గురించి వాళ్ళ డాక్టరుతో మాట్లాడాలి.

కళ్ళనీళ్ళ సంగతికి వస్తాను. టెస్టోస్టిరాన్ ఆగిపోయిన మగవాడికి ఒళ్ళంతా మారిపోతుంది. ఒక్కసారిగా ఒంట్లోంచి ఆవిర్లు వచ్చి చెమటలు పడతాయి, కండ తగ్గి పొట్ట పెరుగుతుంది, రొమ్ముల దగ్గర నొప్పి వస్తుంది, దాంపత్యం మీద కోరిక పోతుంది, ఏడుపు ఊరికే వచ్చేస్తుంది. మీరు నెలసరి ఆగినప్పుడు పడ్డవన్నీ ఆయన ఇప్పుడు పడుతున్నారు. తేడా ఏంటంటే, మీకు అక్కో అమ్మో చెప్పి ఉంటారు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను పిరికివాణ్ణి అయిపోయానని లోపల కుమిలిపోతుంటారు. "ఇది మీరు కాదండీ, ఆ ఇంజెక్షన్ చేస్తున్న పని" అని ఒక్కసారి స్పష్టంగా చెప్పండి. మా వారికి అలా చెప్పిన రోజు ఆయన చాలాసేపు నా మొహం వంకే చూశారు, తర్వాత ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు. అయితే రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోయినా, నేనుండి ఏం లాభం అన్న మాట వచ్చినా ఇంజెక్షన్ వల్లే అని వదిలేయొద్దు. డాక్టరుకు చెప్పండి, డిప్రెషన్‌కు మంచి మందులున్నాయి. మానసిక సమస్యలకు ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు మీరైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

పక్కలు వేరు చేయకండి. కోరిక పోయినా పక్కన మనిషి కావాలని ఉంటుంది. ఇది అంటుకునే జబ్బు కాదు. కాళ్ళకు కొబ్బరినూనె రాయండి, చెయ్యి పట్టుకుని కూర్చోండి.

మంచం దిగకపోవడం గురించి చుట్టాలు ఒకటే చెబుతారు: "రెస్టు తీసుకోనివ్వు." ఆ ఒక్క మాట వినకండి. కీమో తర్వాతి నీరసం పడుకుంటే తగ్గేది కాదు, కొద్దికొద్దిగా కదిలితేనే తగ్గుతుంది. ముందు రక్తం తక్కువుందేమో, థైరాయిడ్, షుగరు ఎలా ఉన్నాయో పరీక్ష చేయించండి. నడుం నొప్పికి కారణం తేలి, నడవొచ్చని డాక్టరు చెప్పాక మొదలుపెట్టండి. మా వీధిలో నేను కరెంటు స్తంభాల లెక్క పెట్టాను. మొదటిరోజు గేటు నుంచి మొదటి స్తంభం దాకా వెళ్ళి రావడం, అంతే. మూడు రోజులకో స్తంభం పెంచాం. ఏడో స్తంభం దగ్గర ఇస్త్రీ బండి ఉండేది. అక్కడిదాకా వెళ్ళగలిగిన రోజు ఇస్త్రీ అబ్బాయి స్టూలు వేసి కూర్చోబెట్టాడు. ఆ తర్వాత నేను రమ్మనకుండానే ఆయనే ఆరింటికి చెప్పులు వేసుకునేవారు. నీరసం ఎక్కువున్న రోజు తగ్గించండి, మానకండి.

వేళ్ళ తిమ్మిరికి కొన్ని జాగ్రత్తలు చెబుతాను. స్నానం నీళ్ళ వేడి ఆయన్ని కాదు, మీరు మోచేత్తో చూడండి. పాదాల కింద బొబ్బలు, గాట్లు ఉన్నాయేమో రోజూ రాత్రి చూడండి. జారే రబ్బరు చెప్పులు తీసేసి వెనక పట్టీ ఉన్నవి కొనండి. బాత్రూంలో గోడకు పట్టుకునే కడ్డీ వేయించండి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే స్నానం చేయాలి. రాత్రి మూత్రానికి లేవాల్సి వస్తుంది కాబట్టి చిన్న లైటు వెలగనివ్వండి. జబ్బు పట్టిన ఎముక ఒక్కసారి జారి పడితే విరుగుతుంది. చొక్కా గుండీలు పెట్టుకోలేక మా వారు బయటికి రావడమే మానేశారని నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు. అడిగితే "చలిగా ఉంది" అనేవారు. ఒకరోజు తలుపు సందులోంచి చూశాను. అద్దం ముందు నిలబడి ఒకే గుండీతో కుస్తీ పడుతున్నారు, నుదుటి మీద చెమట. మర్నాడు దర్జీ దగ్గర నాలుగు చొక్కాలకు లోపల వెల్క్రో కుట్టించి, పైన గుండీలు అలాగే ఉంచాను. ఈ తిమ్మిరి నెలల తరబడి నెమ్మదిగా తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది.

తిండికి పెద్ద శాస్త్రం ఏమీ లేదు. నోరు చేదుగా ఉన్నన్నాళ్ళు మిరియాల చారు, ఉసిరికాయ పచ్చడి మెతుకులు, పెరుగన్నం, ఏది సహిస్తే అది కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టండి. కండ కరుగుతోంది కాబట్టి గుడ్డు, పప్పు, చేప, పెసరట్టు రోజూ ఏదో ఒకటి పడాలి. పసరు మందు, క్యాన్సర్ మాయం చేసే చూర్ణం అని ఎవరైనా తెస్తే దండం పెట్టి పంపించేయండి. అబిరటెరోన్ వాడే మనిషి లివర్ అప్పటికే భారం మోస్తుంటుంది. పసరు తాగి కళ్ళు పచ్చబడి వార్డుకు వచ్చి, మంచి మందు ఆపేయాల్సి వచ్చినవాళ్ళను నేను కళ్ళారా చూశాను. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే ఇంట్లో పారాసెటమాల్ వేసి కూర్చోవద్దు, ముందు ఆసుపత్రికి ఫోన్ చేయండి.

ఇప్పుడు అసలు కష్టమైన ప్రశ్న. చెప్పాలా, వద్దా?

మీ పిల్లల మీద నాకు కోపం లేదు. నాన్న తట్టుకోలేరని, దూరంగా ఉన్నామని వాళ్ళ భయం. కానీ ఆయనకు ఏమీ తెలియదని మీరు అనుకుంటున్నారే, అది నమ్మను. ఆరుసార్లు కీమో ఎక్కించుకున్న మనిషి పక్క మంచాల వాళ్ళతో మాట్లాడలేదంటారా? మీరు ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళడం చూడలేదంటారా? మాట్లాడటం మానేయడానికి అది కూడా ఒక కారణం కావొచ్చు. తన గురించి ఇంట్లో అందరూ మాట్లాడుకుంటున్నారు, తనతో తప్ప.

మా వారు ఒకరోజు స్కూటర్ ఇన్సూరెన్సు కాగితం పట్టుకుని వచ్చి "ఒక ఏడాదికి కట్టమంటావా, మూడేళ్ళకా?" అన్నారు. నేను కూర తరుగుతూ, తల ఎత్తకుండా "మూడేళ్ళకే కట్టేయండి, చవక పడుతుంది" అన్నాను. రెండు రోజులు ఆయన నోరు విప్పలేదు. మూడో రోజు నాకు వెలిగింది, ఆయన అడిగింది ఇన్సూరెన్సు గురించి కాదని. ఆ రాత్రి లైటు ఆర్పాక నేనే అడిగాను, "డాక్టరు ఏమన్నారో మీకు చెప్పనా?" అని. కాసేపు ఆగి "ఎన్నాళ్ళో చెప్పకు. నొప్పి ఉంటుందా అది చెప్పు" అన్నారు. ఆయనకు కావలసింది అదే. నేను ఏవేవో ఊహించుకుని అన్నాళ్ళు దాచాను.

కాబట్టి చెప్పాలా వద్దా అని మీరూ పిల్లలూ తేల్చొద్దు, ఆయన్నే అడగండి. "మీ జబ్బు గురించి అన్నీ తెలుసుకోవాలని ఉందా, లేక నన్నే చూసుకోమంటారా?" అని అడిగితే చాలు. "నువ్వే చూసుకో" అంటే అది ఆయన ఇష్టం, బలవంతాన చెప్పొద్దు. "చెప్పు" అంటే అబద్ధం లేకుండా, ఆయన అడిగినంతే చెప్పండి. "జబ్బు పూర్తిగా పోదు, అదుపులో పెట్టే మందులున్నాయి, నొప్పి రాకుండా చూసుకుంటాం, నేను మీ పక్కనే ఉంటాను." ఈ నాలుగు మాటలూ నిజాలే. మీ నోటితో చెప్పలేకపోతే డాక్టరును చెప్పమనండి, మీరు చెయ్యి పట్టుకుని కూర్చోండి.

మాట బయటపడ్డాకే మిగతా పనులూ జరుగుతాయి. బ్యాంకు ఖాతా ఇద్దరి పేరునా మార్చుకోవడం, నామినీలు సరిచూసుకోవడం, వీలునామా, పింఛను కాగితాలు. పరిస్థితి విషమించినప్పుడు వెంటిలేటర్ లాంటివి కావాలా వద్దా అన్నది కూడా ఆయన ముందే రాసిపెట్టవచ్చు. 2018లో సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకుంది, 2023లో పద్ధతి తేలిక చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి నోటరీతో గానీ గెజిటెడ్ ఆఫీసరుతో గానీ ధ్రువీకరణ చేయిస్తే సరిపోతుంది. ఇప్పుడే తొందర లేదు. ఆయన ఆ మాట ఎత్తిన రోజు మాత్రం "అలాంటివి మాట్లాడకండి" అని నోరు మూయించొద్దు.

పాలియేటివ్ కేర్, అంటే బాధలు తగ్గించే వైద్యం చేసేవాళ్ళను ఇప్పుడే కలవండి, జబ్బుకు వైద్యం నడుస్తుండగానే. నొప్పి, నిద్ర, ఆయాసం, మనసు, ఇంట్లో మీ అలసట అన్నీ వాళ్ళు చూస్తారు. ఎంఎన్‌జేలో ఉంది, జిల్లా ఆసుపత్రుల్లోనూ కేంద్రాలు పెట్టారు. ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ అనే సంరక్షణ కేంద్రం డబ్బు తీసుకోకుండా చూస్తుంది. చివరి రోజుల్లో అంబులెన్సులో మొదటిసారి వెళ్ళేకంటే, నడిచి వెళ్ళగలిగిన రోజునే పరిచయం పెంచుకోవడం ఎంతో మేలు.

ఖర్చు గురించి మీరు రాయలేదు, అయినా చెబుతాను. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షలకు పెంచారు. ఏ మందు, ఏ రేడియేషన్ అందులో వస్తుందో మీ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. అబిరటెరోన్‌కు జనరిక్ మందులున్నాయి, కంపెనీకీ కంపెనీకీ ధరలో చాలా తేడా ఉంటుంది. డాక్టరుతో చెప్పి చవకైనది రాయించుకోవడంలో మొహమాటం వద్దు.

మీ సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు. మీకు బీపీ ఉందా? మాత్ర వేసుకుంటున్నారా? చివరిసారి రాత్రంతా నిద్రపోయింది ఎప్పుడు? మా వారి మంచం పక్కన నేనే కళ్ళు తిరిగి పడిపోయాను ఒకసారి, షుగరు 400 దాటి. పిల్లలు రోజూ వీడియో కాల్ చేసి "నాన్న తిన్నారా" అని అడగడం ప్రేమే, కానీ దానివల్ల మీ పని తగ్గదు. వాళ్ళకు పనులు పంచండి. ఒకరు రిపోర్టులన్నీ స్కాన్ చేసి తేదీల వారీగా పెట్టాలి, ఇన్సూరెన్సు వాళ్ళతో మాట్లాడాలి. ఇంకొకరు వారానికి మూడు పూటలు మనిషిని పెట్టే ఖర్చు చూసుకోవాలి. ఆ పూటల్లో మీరు గుడికే వెళ్తారో, పడుకునే నిద్రపోతారో మీ ఇష్టం. సెలవు పెట్టి వచ్చే ఉద్దేశం ఉంటే ఇప్పుడే రమ్మనండి, తండ్రి కూర్చుని కబుర్లు చెప్పగలిగిన రోజుల్లో.

ఇక పెళ్ళి. నడుం నొప్పి సంగతి తేలి, డాక్టరు సరే అంటే తప్పకుండా తీసుకెళ్ళండి. ముందు ఆయన్ని అడగండి. జుట్టు ఊడిన తలతో నలుగురిలోకి రావడం ఇష్టం లేకపోవచ్చు. టోపీ పెట్టుకుంటారో, తలపాగా చుట్టుకుంటారో, అలాగే వస్తారో ఆయన ఇష్టం. కారులో ముందు సీట్లో కూర్చోబెట్టి, నడుం వెనక దిండు పెట్టండి. భువనగిరి, ఆలేరు, జనగామ, ఇలా మధ్యమధ్యలో ఆపి దింపండి, మూత్రానికీ కాళ్ళు కదలడానికీ. మందులన్నీ, ఫైలూ మీ చేతి సంచిలోనే ఉండాలి, డిక్కీలో వద్దు. పడుకోవడానికి కింది అంతస్తులో కమోడ్ ఉన్న గది ఒకటి మీ అక్కకు ఇప్పుడే చెప్పి ఉంచండి. పెళ్ళంతా కూర్చోనక్కర్లేదు, మధ్యాహ్నం పడుకోబెట్టి ముహూర్తానికి తీసుకురండి. అక్షింతలు రెండు వేళ్ళతో ఇస్తే ఆ తిమ్మిరి చేతుల్లోంచి జారి కింద పోతాయి. దోసిలి పట్టమని నిండా పోయండి, రెండు చేతులతో వేస్తారు.